దీపానికి రెప్ప

పోయిన వారం ఆబిడ్స్‌లో ఒక మాల్‌లోని ఏసీ దుకాణానికి సైకిల్ లైటు కొనడానికి వెళ్ళాను. మెడలో కార్డు వేలాడేసుకున్న సేల్స్‌మన్ చిరునవ్వుతో అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మీ బడ్జెట్ ఎంత?"

సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని నేను. ఆ ప్రశ్నకు నిజం చెప్పినవాళ్ళు మా ఇంట్లో మూడు తరాలుగా లేరు. అలవాటుకొద్దీ సగం చెప్పాను. అతను ఆ సగంలో ఇమిడే లైట్లు నాలుగు తీసి బల్ల మీద వరసగా పేర్చి, డబ్బాల మీది అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇన్ని ల్యూమెన్ల వెలుగు, ఇన్ని గంటలు, ఇన్ని మీటర్లు. వింటూ ఉంటే నాకు నాంపల్లి కాకా జ్ఞాపకం వచ్చాడు. లైటు కోసం వచ్చినవాళ్ళని ఆయన అడిగే మొదటి ప్రశ్న వేరు.

"ఏ తొవ్వల పోతవు బిడ్డా?"

తొవ్వ చెప్పందే ధర చెప్పడు. ఒకసారి మేనల్లుడి కోసం లైటు కొనడానికి వచ్చిన ఒకాయన్ని, ముందు మేనల్లుడు రోజూ ఏ దారిన పోతాడో కనుక్కుని రమ్మని ఖాళీ చేతులతో పంపించేయడం కళ్ళారా చూశాను. మళ్ళీ వచ్చాడా అని తర్వాత అడిగితే, "రాలే. ఏడనో కొన్నడు కావచ్చు. పిలగాడు పడకుంటే చాలు," అన్నాడు.

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి పక్కకి తిరిగే సందులో ఉండేది ఆయన దుకాణం. వెడల్పు ఎంతంటే, సైకిల్ లోపలికి వస్తే పక్కన చోటు లేక సైకిలాయన బయటే నిలబడాలి. పైన బోర్డు ఉంది కానీ దాని నిండా గాలిపంపులూ గొలుసు తాళాలూ వేలాడేవి కాబట్టి ఏ పేరు రాసి ఉందో ఎవరూ చదివిన పాపాన పోలేదు. అందరికీ ఆయన కాకా. ఆయనకి రెండు కళ్ళజోళ్ళు. ముక్కు మీదది మనుషుల్ని చూడటానికి, నుదుటి మీదది స్క్రూలని చూడటానికి. నేను బేరం మొదలుపెట్టగానే నుదుటి మీదది కిందికి దించుకునేవాడు.

నాకు సైకిలెందుకు వచ్చిందో చెప్పాలి. అదీ బేరం కథే. బషీర్‌బాగ్‌లో ఒక సాయంత్రం కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతాను. ఎనిమిదింటికి క్లాసులు అయిపోతాయి. ఇల్లేమో నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో. రోజూ ఆటో. ఒకనాడు పది రూపాయల దగ్గర బేరం తెగలేదు. నేను మా నాన్న కొట్లో చిన్నప్పటి నుంచీ చూసిన విద్య ప్రయోగించాను. "అవసరం లేదు" అని గిరుక్కున తిరిగి నడవటం మొదలుపెట్టాను. పది అడుగుల లోపల వెనక నుంచి పిలుపు రావాలి. అదీ లెక్క. రాలేదు. వెనక్కి చూస్తే పరువు పోతుంది కాబట్టి చూడకుండా ఇంటిదాకా నడిచాను. మర్నాడు ఆ రోషంతోనే సైకిల్ కొన్నాను. పది రూపాయలు మిగుల్చుకోవడానికి పదకొండు వేలు పెట్టిన కామర్స్ లెక్చరర్ని హైదరాబాద్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

సైకిల్ మాత్రం నాకు ప్రాణం అయిపోయింది. యాభై దాటాక ఎవరూ తోడు రాకుండా, ఎవరితోనూ ధర మాట్లాడకుండా ఇంటికి చేరడంలో ఎంత సుఖం ఉందో ఆ నెలలోనే తెలిసింది. రెండో నెలలో పడ్డాను. స్టేషన్ వెనక పొడుగాటి ప్రహరీ గోడ ఒకటి ఉంది. ఆ గోడ పొడుగునా దీపాలు వెలగవు. గోడ మధ్యలో ఒక గుంత. మణికట్టుకి మూడు వారాలు కట్టు. మావారిది గుంటూరు వైపు. ఆయన కేకలేయరు, తీర్పు చెబుతారు. "ఇంకొక్కసారి పడ్డావంటే సైకిల్ని పాత ఇనుము కింద వేసేస్తాను, చూస్కో." అన్న మాట తప్పే మనిషి కాదు. కాబట్టి ఆ గోడ పక్క చీకట్లో దారి చూపించే దీపం దొరకడమో, సైకిల్ పోవడమో తేలిపోవాల్సి వచ్చింది.

అలా వెళ్ళాను కాకా దుకాణానికి. తొవ్వ చెప్పాను. గోడ పేరెత్తగానే ఆయన ముఖం వికసించింది. ఆయన ఇల్లు కూడా ఆ గోడ దాటాకేనట. రోజూ నడిచే వెళ్తాడట. వెంటనే లేచి షట్టర్ దించడానికి కొక్కెం అందుకున్నాడు.

నేను గభాలున బయటికి వచ్చేశాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. తాళంకప్పా తాళంచెవీ తీసి నా చేతిలో పెట్టి, "తాళం నీ దగ్గర్నే వెట్టుకో. పగటి వెలుగుల లైటు కొనుడంటే కండ్లు మూస్కోని చీర కొన్నట్టు," అన్నాడు. పోలిక చీర మీదికి రావడంతో నాకు ధైర్యం వచ్చింది. లోపలికి వెళ్ళాను.

షట్టర్ మోకాలెత్తు వదిలి దించాడు. వెనక భాగంలో నేల మీద ఆయన ఒక రోడ్డు కట్టుకున్నాడు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు. ఎక్కడో తవ్వి పారేసిన తారు పెళ్ళలు, ఒక అర ఇటుక, మాన్‌హోల్ మూతకి బదులు పెనం, నీళ్ళు నిలిచిన చోటికి బదులు చాయ్ సాసరు. పెళ్ళల నడుమ ఒక గుంత. ముందు లైటు ఎత్తి పట్టుకుని పై నుంచి వేశాడు. అంతా తెల్లగా వెలిగిపోయింది, గుంత మాత్రం కనబడలేదు. తర్వాత చెయ్యి కిందికి దించి నేల వెంబడి వేశాడు. గుంత అంచు నీడ కాటుక గీసినట్టు లేచి నిలబడింది.

"సూడు. గుంత వెలుగుల కనవడది, నీడల కనవడ్తది. ల్యూమెన్లు డబ్బా మీదుంటయి బిడ్డా, గుంత రోడ్డు మీదుంటది."

ఆయన మాటలకంటే నన్ను కలవరపెట్టింది డబ్బాలు. ప్రతి డబ్బా మీదా కంపెనీ అచ్చువేసిన గంటల్ని నల్ల మార్కర్‌తో కొట్టేసి పక్కన తన అంకె వేశాడు. ఎనిమిది గంటలన్నచోట మూడున్నర. పన్నెండన్నచోట నాలుగు, పక్కన "వానల మూడే" అని కూడా. ప్రతి రకంలోనూ ఒకటి నిండా ఛార్జి చేసి, పొద్దున్నే వెలిగించి అరలో పెట్టి, ఆరిపోయే టైము చూసి రాస్తాడట. తన సరుకుని తానే తక్కువ చేసి రాసుకునే వ్యాపారిని చూసి నా లోపలి దుకాణదారు కూతురు విలవిల్లాడింది. మా నాన్న చూసి ఉంటే దవాఖానలో చేరేవాడు.

నాకు ఆయన ఇచ్చింది నాలుగు వందల ల్యూమెన్లది, అరచేతిలో పట్టేది. పక్కనే ఎనిమిది వందలది ఉంది, చిన్న లోటాలా. నేను దాన్ని చూపించాను. నీ తొవ్వకి అది ఎక్కువ, ఎదుటోళ్ళకి మంచిది కాదు అన్నాడు. పెద్ద సరుకు వద్దని చిన్న సరుకు అంటగడుతున్నాడంటే దానిలోనే లాభం ఎక్కువన్నమాట. మా ఇంట్లో అన్నం తినడం నేర్చుకునే ముందే ఇది నేర్చుకుంటాం. ఇక నా విద్యలన్నీ తీశాను. ముఖం చిట్లించాను. డబ్బాకి సొట్ట ఉందన్నాను. ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్ ధర ఎంతో నాకు తెలుసన్నాను.

"ఔ, గాడ పసుపు మంచిగ దొరుకుతది," అన్నాడు, నుదుటి కళ్ళజోడు దించుకుంటూ.

చివరికి గిరుక్కున తిరిగాను. పది అడుగులు, ఇరవై అడుగులు. పిలుపు లేదు. సందు చివర ఓరగా చూస్తే, ఆయన లైటు డబ్బాలో పెట్టి, దారం చుట్టి, పై అరలోకి ఎక్కించి, సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు. ఆబిడ్స్ దాకా నడిచి, అక్కడ ఏమీ తోచక కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చాను. గొడుగు మర్చిపోయానని చెప్పాను. ఆయన బల్ల కిందా, పంపుల వెనకా, ఆఖరికి తన రోడ్డు మీదా శ్రద్ధగా వెతికి, "ఛత్రీ నువ్వు తేనే లేదు గదా బిడ్డా," అన్నాడు. ఆ గొంతులో వెటకారం ఇసుమంత కూడా లేదు. అదే నేను భరించలేకపోయాను.

ఆ రాత్రి పడుకుని ఆయన బలహీనత ఏమిటా అని ఆలోచించాను. తెల్లారేసరికి దొరికింది. బోణీ. ఆ తరం వ్యాపారి ఎవరైనా సరే, మొదటి గిరాకీని వెనక్కి పంపడు. మర్నాడు ఆయన షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి తిరిగేసరికి ఎదురుగా నేను. నన్ను చూశాడు, పటాన్ని చూశాడు, అర్థమైపోయింది. ఎనిమిది వందల లైటు, నాలుగు వందల దాని ధరకి ఇచ్చేశాడు. నోటు కళ్ళకద్దుకునేటప్పుడు మాత్రం మామూలు కన్నా కొంచెం ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు.

లైటు నా చేతికిచ్చే ముందు ఒక పని చేశాడు. పాత సైకిల్ ట్యూబు లోంచి బొటనవేలంత ముక్క కత్తిరించి, అంచు గుండ్రంగా చెక్కి, లైటు గాజు మీద పై భాగం కప్పేలా పంక్చర్ బంకతో అతికించాడు. కంటికి రెప్పలా ఉంది. దుకాణం నుంచి పోయే ప్రతి లైటుకీ ఆయన అది పెడతాడని తర్వాత తెలిసింది. వెలుగు రోడ్డు మీద పడాలి, ఎదురొచ్చే వాళ్ళ ముఖం మీద కాదు. అందుకని.

నాకు మాత్రం అందులో కొలత కనిపించింది. గజం పెట్టి కొలిచేటప్పుడు బొటనవేలి కింద రెండంగుళాలు దాచే చెయ్యి మా కొట్లో నేను పదేళ్ళు చూశాను. ధర తగ్గించి వెలుగు కోస్తున్నాడు. "కాకా, నేను పైసలు పూర్తి లైటుకి ఇచ్చిన. సగం మూసి ఇస్తరా?" అన్నాను.

ఆయన రెండు కళ్ళజోళ్ళూ తీసి నన్ను మామూలు కళ్ళతో చూశాడు. గోటితో రెప్ప ఊడదీసి, గాజు తుడిచి లైటు నాకిచ్చాడు. ఆ రబ్బరు ముక్క పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

తర్వాతి రెండు వారాలు నేను మహారాణిని. నా ముందు రోడ్డంతా పెళ్ళి మండపంలా వెలిగేది. ఇంకో విశేషం గమనించాను. ఎదురొచ్చేవాళ్ళు నన్ను చూడగానే చెయ్యెత్తి నుదుటికి ఆనించుకుంటున్నారు. నడిచేవాళ్ళూ, బండ్ల మీదివాళ్ళూ, బఠాణీలు అమ్మే ఆయన కూడా. ఈ వయసులో సైకిల్ తొక్కుతున్న ఆడమనిషికి నాంపల్లి సలాం చేస్తోందనుకున్నాను. రెండు మూడు సార్లు తిరిగి సలాం కూడా చేశాను.

మూడో వారం, గోడ పక్కన, దూరంగా ఒక మనిషి ఎదురు నడిచి వస్తున్నాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. నా వెలుగు పడగానే ఆయనా చెయ్యెత్తాడు. నేనూ ఎత్తబోయాను. అంతలో ఆయన ఒక అడుగు పక్కకి వేశాడు, మనిషి సగానికి కుంగిపోయాడు, డబ్బా రోడ్డు మీద దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఆయన పడింది నా గుంతలోనే.

సైకిల్ దిగి పరిగెత్తాను. చీకట్లో నేనెవరో ఆయనకి కనబడే వీలు లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, గుంత అంచు మీద కూర్చుని, ప్రశాంతంగా చెప్పాడు.

"ఎనిమిది వందలది. నా దుకాణందే. రెప్ప లేదు." ఆగి, ఊపిరి పీల్చుకుని, "అంటే సుల్తాన్ బజారు బిడ్డవు."

వెలుగు చూసి మనిషిని గుర్తుపట్టిన ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాలు చూశాను. చీలమండ అప్పుడే వాస్తోంది. ఇల్లు దగ్గరేగా, ఇంటి నుంచి మళ్ళీ దుకాణానికి ఎందుకు బయల్దేరారని అడిగితే, ఆ సాయంత్రం టెస్టుకి పెట్టిన లైటు ఇంకా వెలుగుతోందట, ఆరే టైము చూడాలట. దుకాణంలోనే కూర్చుని తినడానికి డబ్బా కట్టించుకున్నాడట. వద్దన్నా వినకుండా సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టి ఆయన ఇంటివైపు తోసుకుంటూ నడిచాను. ముందుకి పది అడుగులు వెళ్ళామో లేదో ఎదురుగా స్కూటరాయన చెయ్యి నుదుటికి పెట్టాడు.

"సూసినవా, చెయ్యి లేపిండు," అన్నాడు వెనక నుంచి.

"సలాం అనుకున్న కాకా," అన్నాను. నిజం చెప్పడం నాకు కొత్త కాబట్టి గొంతు చిన్నగా వచ్చింది.

ఆయన నవ్విన నవ్వుకి సైకిల్ పక్కకి ఒరిగి ఇద్దరం మళ్ళీ పడబోయాం. లైటు ఊడదీసి తనకిమ్మన్నాడు. చెయ్యి పక్కకి చాపి, దాన్ని కిందుగా పట్టుకుని, రెండో అరచేతిని దాని పైన రెప్పలా అడ్డం పెట్టాడు. ఇంటిదాకా రన్నింగ్ కామెంటరీ. గీడ రాయి. జర ఎడమకు. గాడ నీళ్ళు, పోనీ, లోతు లేదు. ఎదురొచ్చినవాళ్ళు ఒక్కరూ చెయ్యెత్తలేదు. "మనం సూసుడు సగమే బిడ్డా. ఎదుటోడు సూసుడు కూడ మన లైటు పనే. చెయ్యి లేపిండంటే మన లైటు తప్పు," అన్నాడు.

నేను అప్పటికే మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గేటు దగ్గర దిగి, గోడ పట్టుకుని, ఆయనే తేల్చేశాడు.

"రేపు దుకాణంకి రా. బోణీ అయినంక రా."

కుంటుతూనే దుకాణం తెరిచాడు. నేను మధ్యాహ్నం వెళ్ళాను. చొక్కా మారింది కానీ జేబులోంచి అదే రబ్బరు ముక్క తీశాడు. అతికించి, ఊది, నొక్కి, ఇరవై రూపాయలన్నాడు. మొన్న ఉత్తగానే ఇచ్చారుగా, పది తీసుకోండి అన్నాను. నేను అన్నానో, నా నోరు దానంతట అదే అందో ఇప్పటికీ చెప్పలేను.

"పడ్డది నేను. బేరం నువ్వు జేస్తవా?"

ఇరవై ఇచ్చాను. ఆయన ఆ నోటుని కళ్ళకద్దుకున్నాడు. అది బోణీ కాదు కదా అంటే, "నీతోని బేరం గెలిచిన మొదటి నోటు," అన్నాడు. ఆ మాటకంటే పెద్ద శిక్ష మా నాన్న కూడా నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగేదాన్ని. బాగున్నావా అని అడిగేవాడు కాదు. "ఎవరన్న చెయ్యి లేపిన్రా?" అని అడిగేవాడు. లేదు అంటే చాయ్. కుక్కర్ పెట్టేటప్పుడే లైటు ఛార్జింగ్‌కి పెట్టుకోమని, అన్నం మర్చిపోని మనిషి వెలుగూ మర్చిపోదని చెప్పింది ఆయనే. ఇప్పటికీ మా వంటింట్లో కుక్కర్ పక్క ప్లగ్గు లైటుదే. మావారు ఫోన్ పెట్టుకోవాలన్నా నా అనుమతి కావాలి.

పోయిన వానాకాలం నెల రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళి వచ్చేసరికి షట్టర్ మూసి ఉంది. లోపల ఎవరో లైటు చూస్తున్నారనుకుని కాసేపు బయట నిలబడ్డాను. పక్క ఇరానీ హోటల్ క్యాషియర్ చెప్పాడు, జ్వరంతో నాలుగు రోజులే అని, పోయి మూడు వారాలైందని. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ ఆరడుగుల రోడ్డు ఏమైందని అడిగాను. దుకాణం ఖాళీ చేసినవాళ్ళు ఆ పెళ్ళలన్నీ తీసుకెళ్ళి గోడ పక్క గుంతలో పోసేశారట.

పోయిన వారానికి నా లైటు పని కూడా అయిపోయింది. ఎంత ఛార్జి చేసినా అరగంటే. అందుకే ఈ ఏసీ దుకాణం. సేల్స్‌మన్ అంకెలు చదవడం ఆపాక, కాస్త లైట్లు ఆర్పిస్తారా అని అడిగాను. మాల్ అంతటికీ ఒకటే స్విచ్చి అన్నాడు. సైకిల్ తొక్కేవాళ్ళ బట్టలు వేసుకుని చూసుకునే, దీపం లేని చిన్న గది ఒకటి మూలన కనిపించింది. నాలుగు లైట్లూ పట్టుకుని అందులో దూరి తలుపు వేసుకున్నాను. నేల మీద తాళాలగుత్తి, పర్సు, కాటన్ రుమాలు మడతపెట్టి అంచు లేచేలా పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ కిందుగా వేసి చూశాను. బయట ఇద్దరు గుసగుసలాడుకోవడం వినబడింది. మూడో లైటుకి రుమాలు నీడ నిలబడింది. నాలుగు వందలదే.

ధర ఫిక్స్‌డ్ అన్నాడు. గిరుక్కున తిరిగాను. పిలవలేదు. ఈసారి గొడుగు అబద్ధం చెప్పకుండానే వెనక్కి వచ్చి, సైకిల్ బెల్లు ఒకటి ఉచితంగా పెట్టించుకుని కొన్నాను.

ఇంటికి వచ్చి పాత లైటు మీది రెప్పని వేడినీళ్ళ ఆవిరి పట్టి మెల్లిగా ఊడదీసి కొత్తదానికి అతికించాను. అది పెద్ద గాజుకి కోసింది కాబట్టి ఒక పక్కకి కొంచెం జారింది. నిద్ర మత్తులో ఉన్నట్టుంది లైటు. మార్కర్ తీసి డబ్బా మీది ఆరు గంటలు కొట్టేశాను. ఎంత రాయాలో ఇంకా తెలియదు, రోజూ చూస్తున్నాను.

నిన్న కాలేజీ నుంచి అదే దారి. గోడ మొదలైంది. గుంత ఉన్నచోట ఎత్తుపల్లాలుగా తారు పెళ్ళలు, వాటి నీడలు చక్కగా లేచాయి. సైకిల్ కాస్త ఎగిరి దాటింది. దూరంగా పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, చేతిలో మందుల సంచీ, గోడ వారన నా వైపే నిలబడి ఉన్నాడు. వెలుగు ఆయన చెప్పుల దాకా వెళ్ళింది, మోకాళ్ళ దాకా వెళ్ళింది, అక్కడ ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన చెయ్యెత్తాడు.

రెప్ప పక్కకి జారడం వల్లేనని, కత్తెర పెట్టి ఉండాల్సిందని, కాకా ఉంటే ఏమనేవాడోనని ఒక్క క్షణంలో అన్నీ అనుకున్నాను. కానీ ఆ చెయ్యి నుదుటికి ఆనలేదు. పైకి లేచి ఊగింది. నా వెనక నుంచి పడుతున్న ఇంకో వెలుగులో కళ్ళు నిక్షేపంగా తెరుచుకునే ఉన్నాయి, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి. నా వెనక ఆటో వస్తోంది.

ఆటో నన్ను దాటి ఆయన పక్కన ఆగింది. మెహదీపట్నం అన్నాడాయన. రెండొందల యాభై అన్నాడు డ్రైవర్. నూట ఇరవై దాటని దూరం. పెద్దాయన సరేనని తలూపి, సంచీ లోపల పెట్టి, కాలు కూడా పెట్టబోయాడు.

బ్రేకు వేసి, దిగి, సైకిల్‌కి స్టాండు వేశాను.